యాకోబు అడిగిన మహిమ

'అయ్యగారూ, దేవునికి మహిమ వాళ్లింట్లోనే కలిగిందా? మా ఇంట్లో కలగలేదా?'

వాక్యం చెప్పడానికి ఒక పల్లెకు వెళ్లినప్పుడు, ఆరాధన ముగిసి జనమంతా బయటికి వెళ్తున్న వేళ, ఒక తండ్రి నన్ను అడిగిన ప్రశ్న ఇది. అంతకు రెండు వారాల ముందు ఆ సంఘానికి చెందిన ఇద్దరు కుర్రాళ్లు ఒకే మోటార్‌సైకిల్ మీద పట్నం నుంచి వస్తూ ప్రమాదానికి గురయ్యారు. సంఘమంతా రాత్రంతా మోకాళ్ల మీద ఉండి ఇద్దరి కోసమూ ఒకేలా ప్రార్థన చేసింది. ఒకడు బతికాడు. మరొకడు మూడో రోజున చనిపోయాడు. నేను వెళ్లిన ఆదివారం బతికిన కుర్రాడి తండ్రి సాక్ష్యం చెప్పాడు. చప్పట్లు మారుమోగాయి. 'దేవునికి మహిమ' అని అందరూ అన్నారు. వేదిక మీద నుంచి నేను ఇంకాస్త గట్టిగానే అన్నాను. వెనుక ద్వారం పక్కన గోడకానుకుని కూర్చున్న మనిషిని అప్పుడు నేను చూడలేదు.

ఆయన నిష్ఠూరంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగాడు. నాకు ఆ పూట జవాబు తోచలేదు. 'దేవుని చిత్తం' అన్నాను. అది అబద్ధం కాదు, కానీ ఆయన అడిగింది దేవుని చిత్తం గురించి కాదు, దేవుని మహిమ గురించి.

తెలుగులో 'మహిమ' చిత్రమైన మాట. డబ్బు మహిమ అంటాం. అంతా కాలమహిమ అని నిట్టూరుస్తాం. ఎవరైనా మహిమలు చూపించారంటే అద్భుతాలు చేశారని అర్థం. ఈ అర్థాలన్నిటినీ మనం చెప్పులతోపాటు గుమ్మం బయట వదిలి మందిరంలోకి రాలేం కదా! అందుకే రోగం తగ్గితే, ఉద్యోగం వస్తే, కోర్టులో కేసు గెలిస్తే దేవుడు మహిమపరచబడ్డాడంటాం. ఇవేవీ జరగని ఇంటికి మాత్రం పరామర్శకు వెళ్లి, ఆ మాట ఎత్తకుండా తిరిగి వస్తాం. పాత నిబంధనలో మహిమకు వాడిన హెబ్రీ మాట 'కాబోద్'. దాని మూలంలో ఉన్న అర్థం బరువు. తళుకు కాదు, బరువు. దేవుని మహిమను చూడడమంటే ఆయన ఎంతటివాడో, ఎలాంటివాడో ఆ బరువు మన మీద పడడం. బరువు అనేసరికి అది సుఖంగానే ఉంటుందన్న హామీ ఏమీ లేదు.

మహిమను చూపించమని సూటిగా దేవుణ్ణి అడిగినవాడు మోషే (నిర్గమ 33). అడిగిన సందర్భాన్ని గమనించండి. కొండ కింద జనం బంగారు దూడను చేసుకుని మొక్కారు. వాళ్లను క్షమించకపోతే నీ గ్రంథంలోంచి నా పేరే తుడిచెయ్యమని మోషే దేవునితో వాదించాడు. ఆ వాదన నడుస్తుండగానే ఈ మనవి చేశాడు. దేవుడు మెరుపులూ ఉరుములూ చూపిస్తానని అనలేదు. తన మంచితనమంతా అతని ఎదుట దాటిపోయేలా చేస్తానన్నాడు. ముఖాన్ని మాత్రం చూడలేవన్నాడు. బండ సందులో దాగి ఉన్న మోషేకు ఆ తర్వాత వినిపించింది దేవుని నామం. కనికరం, దయ, దీర్ఘశాంతం, కృప, సత్యం: ఇవీ ఆ నామానికి దేవుడే చెప్పిన అర్థాలు. పాపాన్ని తేలిగ్గా తీసుకోననే మాటా వాటి వెంటే ఉంది (నిర్గమ 34). మహిమ అడిగినవాడికి దేవుడు తన స్వభావాన్ని చూపించాడు.

ఆ పల్లె నుంచి వచ్చాక నా మనసు మాత్రం మోషే దగ్గర ఆగలేదు. మహిమ కావాలని అడిగిన మరొకడి దగ్గరికి వెళ్లింది. అతని పేరు యాకోబు, జెబెదయి కుమారుడు, యోహాను అన్న. గలిలయ సముద్రం మీద సొంత దోనె, కూలి పనివాళ్లు ఉన్న ఇల్లు వాళ్లది. ప్రభువు ఆ అన్నదమ్ములకు 'ఉరిమేవారు' అని పేరు పెట్టాడు. ఊరికే పెట్టలేదు. ఒక సమరయ గ్రామం తమను చేర్చుకోకపోతే, ఆకాశం నుంచి అగ్ని దిగివచ్చి దాన్ని నాశనం చేసేలా ఆజ్ఞాపించమంటావా అని అడిగినవాళ్లు వీళ్లే. ప్రభువు వాళ్లను గద్దించి మరో గ్రామానికి నడిచాడు (లూకా 9). ఆ తమ్ముడే కొన్నేళ్ల తర్వాత పేతురుతో కలిసి సమరయకు వెళ్లి, అక్కడి విశ్వాసులకు పరిశుద్ధాత్మ కలగాలని ప్రార్థన చేశాడు (అపొ.కా. 8). జవాబు దొరకని ప్రార్థనల గురించి బాధపడతాం గానీ, మన ప్రార్థనల్లో దేవుడు జవాబివ్వకుండా వదిలేసినందుకు కృతజ్ఞత చెప్పుకోవాల్సినవీ కొన్ని ఉంటాయి.

అలాంటి యాకోబు ఒకరోజు నిజంగానే మహిమను చూశాడు. ప్రభువు పేతురును, యోహానును, యాకోబును వెంటబెట్టుకుని కొండ ఎక్కాడు. ఎందుకు ఎక్కాడో లూకా ఒక్కడే చెబుతాడు, ప్రార్థన చేయడానికి. ప్రార్థిస్తుండగానే ఆయన ముఖరూపం మారింది, బట్టలు ధగధగ మెరిశాయి. మోషే, ఏలీయా వచ్చి ఆయనతో మాట్లాడారు. మాట్లాడింది ఆయన యెరూషలేములో పొందబోయే మరణం గురించి. గ్రీకు మూలంలో లూకా అక్కడ వాడిన మాట 'ఎక్సొదొస్', నిర్గమనం! ఒకనాడు బండ సందులో దాగి, ముఖం చూడలేక, వెనుక మాత్రం చూసిన మోషే ఈ కొండ మీద మహిమాస్వరూపుడి ఎదుట నిలబడి సిలువ గురించి మాట్లాడుతున్నాడు. అప్పుడు మన ముగ్గురు శిష్యులూ నిద్రమత్తులో ఉన్నారు. మేలుకున్నాక వెలుగును చూశారు. ఆ సంభాషణలో వాళ్ల చెవిన ఎంత పడిందో, మనసుకు ఎంత ఎక్కిందో తరువాతి కథ చూస్తే మనకే తెలుస్తుంది.

మార్కు సువార్త పదో అధ్యాయం. యెరూషలేముకు ప్రయాణం. ప్రభువు ముందు నడుస్తున్నాడు, వెనుక వచ్చేవాళ్లు భయపడుతున్నారు. తనను అపహసిస్తారని, ఉమ్మివేస్తారని, కొరడాలతో కొట్టి చంపుతారని, మూడు దినాలకు లేస్తానని ఆయన మూడోసారి చెప్పాడు. ఆ మాట అలా ముగిసిందో లేదో, యాకోబు, యోహాను దగ్గరికొచ్చి తాము ఏమడిగినా చేయాలన్నారు. ఏం కావాలో చెప్పకముందే మాట తీసుకోవాలని చూశారు. అలా ముందే మాట ఇచ్చిన రాజు ఒకడు అదే సువార్తలో ఉన్నాడు. నాట్యమాడిన పిల్లకు ఏమడిగినా ఇస్తానని ఒట్టు పెట్టుకున్న హేరోదు, చివరికి బాప్తిస్మమిచ్చే యోహాను తలను పళ్లెంలో పెట్టించి ఇవ్వాల్సివచ్చింది. ప్రభువు అలా ఒట్టు పెట్టలేదు. నేను మీకేం చేయాలని కోరుతున్నారు అని అడిగాడు.

నీ మహిమలో ఒకరిని కుడివైపున, ఒకరిని ఎడమవైపున కూర్చోబెట్టుకోమన్నారు. కొండ మీద ఆయనతో నిలిచిన ఆ ఇద్దరిని చూసినప్పటి నుంచే ఆ స్థానాల మీద వాళ్ల కన్నుపడిందేమో! మత్తయి అయితే, తల్లే కొడుకులను వెంటబెట్టుకొచ్చి మొక్కి అడిగిందని రాశాడు. నాకు ఆ తల్లి మీద కోపం రాదు. పిల్లల కోసం మోకరించిన తల్లులను చూసి చూసి ఉన్నాను. తక్కిన పదిమంది శిష్యులకు మాత్రం కోపం వచ్చింది. అందులో పరిశుద్ధమైన కోపం ఎంతో, ఆ సీట్లు తాము ముందు అడగలేకపోయామన్న ఉక్రోషం ఎంతో!

మీరేమి అడుగుతున్నారో మీకు తెలియదన్నాడు ప్రభువు. అంతేగాని, అడగవద్దనలేదు. నేను తాగే గిన్నెలోది మీరు తాగగలరా అన్నాడు. తాగగలం అన్నారు ఇద్దరూ, ఏమాత్రం ఆలోచించకుండా. అయితే తాగుతారు అన్నాడు ఆయన. కుడి ఎడమల సంగతి మాత్రం, అవి ఎవరికోసం సిద్ధపరచబడ్డాయో వారికే అన్నాడు. అదే అధ్యాయం చివర యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయిని కూడా ప్రభువు అచ్చం అదే ప్రశ్న అడిగాడు. వాడు చూపు కావాలన్నాడు. అప్పటికప్పుడే దొరికింది. చూపున్న శిష్యులకు తాము ఏం అడిగామో కనబడడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఎన్నో రోజులు గడవకముందే ఆ గిన్నె వచ్చింది. గెత్సేమనే తోటలో ప్రభువు నేలమీద పడి, ఈ గిన్నెను నా దగ్గరి నుంచి తొలగించు అని తండ్రిని వేడుకున్నాడు. వెంటనే, నా ఇష్టం కాదు, నీ ఇష్టం అన్నాడు. ఆ వేడుకోలు వినబడేంత దూరంలో యాకోబు ఉన్నాడు, నిద్రపోతున్నాడు. తాగగలం అన్నవాళ్లు కనీసం ఒక్క గడియ మేలుకోలేకపోయారు. లోకంలో అన్నిటికంటే గొప్ప ప్రార్థన జరిగిన రాత్రి, ప్రార్థనకూటానికి పిలవబడినవాళ్లందరూ కునుకుతీశారు. మన సంఘాల్లో ఆల్‌నైట్ ప్రార్థనల్లో నిద్రపోయేవాళ్లను చూసి విసుక్కునే పాస్టర్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుండును.

మర్నాడు గొల్గొతా. మత్తయి సువార్త ఇరవై ఏడో అధ్యాయాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మంచి శుక్రవారం ఉపదేశాల్లో ఎన్నిసార్లు బోధించానో కూడా లెక్కలేదు. అయినా అందులోని ఒక విషయం ఆ తండ్రి నన్ను ఆ ప్రశ్న అడిగాకే నా కంటబడింది. ప్రభువుతోపాటు ఇద్దరు బందిపోటు దొంగలను, ఒకణ్ణి కుడివైపున, ఒకణ్ణి ఎడమవైపున సిలువ వేశారని ముప్ఫై ఎనిమిదో వచనం. దూరం నుంచి చూస్తున్న స్త్రీలలో జెబెదయి కుమారుల తల్లి ఉందని యాభై ఆరో వచనం. అంటే, నా కొడుకుల్లో ఒకణ్ణి నీ కుడివైపున, ఒకణ్ణి నీ ఎడమవైపున అని అడిగిన తల్లి అక్కడే ఉంది. కుడివైపున ఎవరున్నారో, ఎడమవైపున ఎవరున్నారో చూస్తూ నిలబడింది. తాను ఏం అడిగిందో ఆమెకు అప్పుడు తెలిసింది. అడిగినది ఆనాడే తన పిల్లలకు దక్కనందుకు ఆమె దేవునికి స్తోత్రం చెప్పుకుని ఉంటుందా? లేక అక్కడ వేలాడుతున్నవాడి కోసం ఏడ్చి ఉంటుందా? రెండూ కావచ్చు. తల్లి కదా.

ఆ అడిగినవాళ్లలో చిన్నవాడైన యోహాను సిలువకు దగ్గరగానే నిలబడ్డాడు. నాల్గవ సువార్త అతనిదేనని సంఘం తొలినాళ్ల నుంచీ చెబుతోంది. విచిత్రమేమిటంటే, కొండ మీద కళ్లారా చూసిన ఆ మహా ప్రకాశం గురించిన కథ ఆ సువార్తలో లేదు. దానికి బదులు సిలువనే మహిమ అంటుంది యోహాను సువార్త. మనుష్యకుమారుడు మహిమ పొందే గడియ వచ్చిందని ప్రభువు చెప్పింది గోధుమగింజ భూమిలో పడి చావడం గురించి మాట్లాడుతూనే (యోహాను 12). ఆ వెంటనే ఆయన తన ప్రాణం కలవరపడుతోందన్నాడు. ఈ గడియ నుంచి తప్పించు అని తండ్రిని అడగనా అని తనలో తాను తర్కించుకున్నాడు. చివరికి ఆయన చేసిన ప్రార్థన ఒక్కటే: తండ్రీ, నీ నామాన్ని మహిమపరచుకో. యూదా చీకట్లోకి వెళ్లిపోయిన రాత్రి, అతను గడప దాటగానే, ఇప్పుడు మనుష్యకుమారుడు మహిమ పొందాడన్నాడు (యోహాను 13). పదిహేడో అధ్యాయంలోని సుదీర్ఘమైన ప్రార్థనలో మొదటి మనవి కూడా మహిమ గురించే. ఆ ప్రార్థన ముగించి, కెద్రోను వాగు దాటి, తనను పట్టుకోవడానికి వచ్చేవాళ్లకు ఎదురెళ్లాడు.

లాజరు సంగతి చూడండి. ఈ వ్యాధి దేవుని మహిమ కోసం వచ్చిందని ముందే చెప్పినవాడు, సమాధి దగ్గరికొచ్చి ఏడ్చాడు (యోహాను 11). కాసేపట్లో లేపబోయే స్నేహితుడి కోసం ఏడ్చాడు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లి, ఏడవకండి, విశ్వాసులు ఏడవకూడదు అని చెప్పే మనవాళ్లు ఆ సువార్తను ఎలా చదువుతారో నాకర్థం కాదు.

ఇక యాకోబు. సుమారు క్రీ.శ. 44వ సంవత్సరం. రాజు హేరోదు అగ్రిప్ప సంఘాన్ని బాధించడం మొదలుపెట్టి యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. అంతే. గ్రీకు మూలంలో ఏడే మాటలు (అపొ.కా. 12:2). ఇస్కరియోతు యూదాను పక్కనబెడితే, పన్నెండుమందిలో కొత్త నిబంధన మరణాన్ని నమోదు చేసింది ఈ ఒక్కడిదే. కుడివైపు ఆసనం అడిగినవాడు తొలుత గిన్నెలోది తాగాడు. ఆ వెంటనే పేతురును పట్టుకుని చెరసాలలో వేశారు. పదహారుమంది సైనికుల కాపలా. సంఘం అతని కోసం ఆసక్తితో ప్రార్థించింది. దూత వచ్చాడు, సంకెళ్లు ఊడిపడ్డాయి, ఇనుప తలుపు దానంతటదే తెరుచుకుంది. తలుపు దగ్గర పేతురున్నాడని రోదే అనే చిన్నది పరుగున వచ్చి చెబితే, ప్రార్థిస్తున్నవాళ్లే నమ్మలేదు, నీకు పిచ్చి పట్టిందన్నారు. యాకోబుకు ఒక్క వచనం, పేతురుకు పదిహేడు వచనాలు.

మరి యాకోబు కోసం సంఘం ప్రార్థన చేయలేదా? చేయలేదు కాబట్టే చనిపోయాడని ఒక బోధకుడు చెప్పగా నేను విన్నాను. వాక్యంలో లేని మాటను దుఃఖంలో ఉన్నవారి నెత్తిన పెట్టడం పాపం. పేతురు కోసం రాత్రంతా మేలుకున్నవాళ్లు యాకోబును చెరపట్టినప్పుడు హాయిగా నిద్రపోయారంటే నేను నమ్మను. లూకా ఆ రెంటినీ పక్కపక్కనే పెట్టాడు. ఎందుకిలా అన్నది వివరించలేదు. పేతురు విశ్వాసం గొప్పదనీ అనలేదు, యాకోబు విశ్వాసం తక్కువదనీ అనలేదు.

అయితే అదే అధ్యాయంలో 'మహిమ' అనే మాట ఒక్కచోట వస్తుంది. తలుపులు తెరుచుకున్న చోట కాదు. కైసరయలో అగ్రిప్ప రాజవస్త్రాలు ధరించి సింహాసనం మీద కూర్చుని ఉపన్యసించాడు. ఇది దేవుని స్వరమే గాని మనిషిది కాదని జనం కేకలు వేశారు. అతను దేవునికి మహిమ ఇవ్వలేదు, పురుగులు పడి చచ్చాడు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా ఈ సంగతి రాశాడు. వెండి దారాలతో నేసిన వస్త్రం ఉదయపు ఎండలో మెరిసిపోతుంటే పొగడ్తలు విని ఊరుకున్నాడట. కడుపునొప్పితో ఐదు రోజులకు పోయాడట. అప్పటికి అతని వయసు యాభై నాలుగు. మెరుపు, ఆసనం, చప్పట్లు, జేజేలు: మనం మహిమ అనుకునేవన్నీ ఆ రోజు అతని దగ్గరున్నాయి. బైబిలు మాత్రం అక్కడ మహిమ లేదంటుంది.

యాకోబు మరణం గురించి మరో పాత కథనం ఉంది. రెండో శతాబ్దం చివర అలెగ్జాండ్రియాలో బోధించిన క్లెమెంట్ చెప్పగా, చరిత్రకారుడు యూసెబియస్ దాన్ని నమోదు చేశాడు. యాకోబును న్యాయసభకు పట్టి తెచ్చినవాడే అతని సాక్ష్యం చూసి కదిలిపోయి తానూ క్రైస్తవుణ్ణేనన్నాడట. ఇద్దరినీ కలిపి చంపడానికి తీసుకెళ్తుంటే దారిలో క్షమించమని అడిగాడట. యాకోబు కాసేపు ఆలోచించి, అతనికి సమాధానం పలికి, ముద్దుపెట్టుకున్నాడట. ఇది వాక్యం కాదు, సంప్రదాయం. అయినా సమరయ మీద అగ్ని కురిపించాలనుకున్న మనిషిలో వచ్చిన ఆ మార్పును, అతను కాసేపు ఆలోచించాడన్న ఆ చిన్న వివరాన్ని నేను ఇష్టపడతాను.

రెండు నెలల తర్వాత మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను. పని ఏమీ లేదు, ఆయనను చూడడానికే. చావిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టాడు. గోడకు కొడుకు ఫొటో. యాకోబు కథ మొదటి నుంచీ చెప్పాను. మధ్యలో ఎక్కడా అడ్డురాలేదు. అంతా విని ఆయన అడిగింది మాత్రం యాకోబు గురించి కాదు.

'ఆ కొడుకు పోయేనాటికి ఆ తల్లి బతికే ఉందా అయ్యగారూ?'

బైబిల్లో చెప్పలేదన్నాను. సిలువ దగ్గర చూశాక ఆమె సంగతి మనకు పెద్దగా తెలియదన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: 'బతికుంటే, పేతురు కోసం ప్రార్థన చేసినవాళ్లల్లో ఆమె కూడా ఉండే ఉంటుంది. యోహానూ ఉండే ఉంటాడు. ఎక్కడికి పోతారు మరి?'

నేను జవాబు చెప్పేలోగా, బతికిన కుర్రాడి కాలికి వచ్చేవారం ఇంకో ఆపరేషన్ ఉందని చెప్పాడు. లోపలికి చూసి భార్యను కేకేశాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, కొంగు తలమీదికి లాక్కుని, ఆయన పక్కనే నేలమీద మోకరించింది.